కంఠత వాక్యం సరిపోని పరీక్ష

లీడ్స్,
ఏప్రిల్ 14

చిన్నీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే సంగతి కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. ఎ-లెవెల్ 'డెవలప్‌మెంట్స్ ఇన్ క్రిస్టియన్ థాట్' పేపర్‌కి ఇంత సిలబస్ ఎలా చదవాలని అడిగావు. దాని కింద, అడగనా వద్దా అన్నట్టు ఇంకో మాట రాశావు: "అగస్టీన్ చెప్పింది తప్పని రాస్తే పాపం కాదా అక్కా?" ముందు దీని సంగతి తేల్చుకుందాం. ఇది తేలితే చదువు సగం దారిన పడుతుంది.

మనిద్దరం గుంటూరులో ఒకే సండే స్కూల్లో కూర్చున్నాం. వాక్యం కంఠతా వచ్చి, అధ్యాయం, వచనం తడబడకుండా చెబితే క్రిస్మస్‌కి బహుమతి. ఆ అలవాటును నేనెప్పుడూ తక్కువ చేయను, నా జ్ఞాపకశక్తి అక్కడ పదునెక్కిందే. కానీ 2018లో, ఈ సిలబస్‌కి పరీక్ష పెట్టిన మొదటి ఏడు, ఆ ఒక్క అలవాటు మీదే ఆధారపడి మాక్ రాశాను. అగస్టీన్ గురించి తెలిసినదంతా వరసగా అప్పజెప్పాను. 40కి 17 వచ్చాయి. పేపరు అంచున మా టీచర్ ఒకే ప్రశ్న రాశారు: ఇంతకీ నువ్వేమంటావు? ఆ ప్రశ్న చూసి ఏడ్చాను. పెద్దవాళ్లు చెప్పినదాని మీద నేను ఏమైనా అనవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

మార్కుల లెక్క నీకూ తెలిసే ఉంటుంది. రెండు గంటలు, నాలుగు ప్రశ్నల్లో మూడు, ఒక్కోదానికి 40. ఆ నలభైలో తెలిసింది చెప్పినందుకు 16, దాన్ని తూచి చూపినందుకు 24. ఆ 24 అప్పజెప్పితే రావు.

నీ భయం అగస్టీన్ దగ్గర కాబట్టి ఆయన దగ్గరే తూచడం మొదలుపెడదాం. నోట్స్‌లో పాయింట్లు కాసేపు పక్కన పెట్టి మనిషిని చూడు. 354లో, ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగాస్తే అనే ఊళ్లో పుట్టాడు. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. కొడుకేమో తొమ్మిదేళ్లు మానీ మతంలో తిరిగాడు, పెళ్లి లేకుండానే ఒకామెతో కాపురం చేసి బిడ్డను కన్నాడు. పదహారో ఏట స్నేహితులతో కలిసి పక్క తోటలో పియర్ పళ్లు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు, తప్పు చేయడంలో ఉన్న రుచి కోసం. బిషప్పయ్యాక కూడా ఆ పళ్లను మరచిపోలేక 'కన్ఫెషన్స్'లో వాటి గురించి అంత వివరంగా రాసుకున్నాడు. మంచి ఏదో తెలిసినా మనసు అటు ఎందుకు పోదు? ఆయన్ను తొలిచిన ప్రశ్న ఇదే. రెండుగా చీలిన చిత్తం, ఏదెనులో పతనం, జన్మపాపం, కృప, అన్నీ దీనికి ఆయన వెతుక్కున్న జవాబులు. ప్రశ్న నీకూ తగిలితే జవాబులను బట్టీ పట్టే పని ఉండదు.

ఎదుటి పక్షం పెలాగియస్ కూడా విశ్వాసే. బ్రిటన్ నుంచి రోముకు వెళ్లాడు. అక్కడి క్రైస్తవుల నడవడి చూసి బాధపడ్డాడు. దేవుడు మనల్ని ఒకటి చేయమన్నాడంటే, చేసే శక్తి మనకిచ్చే ఉంటాడని వాదించాడు. నిజాయితీగా చెప్తున్నాను, మొదటిసారి చదివినప్పుడు నాకు ఆయన మాటే సబబనిపించింది. ఇప్పుడు అంత ధీమాగా అనలేను.

ఇక్కడ రోమా 5:12 తియ్యి. అగస్టీన్‌కు గ్రీకు అంతంత మాత్రం, లాటిన్ బైబిలే ఆధారం. ఆ లాటిన్‌లో వచనం చివర ఆదాములోనే అందరూ పాపం చేశారని అర్థం చేసుకునే వీలుంది. ఆయన అలాగే చదివాడు. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది ఆ గ్రీకు మాటలను అందరూ పాపం చేశారు కనుక అనే అర్థంలో చదువుతారు. పిన్ని దగ్గరున్న తెలుగు బైబిలు తెరిచి చూడు, 'కనుక' అన్న అర్థమే కనిపిస్తుంది. జన్మపాపమనే సిద్ధాంతానికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి అనువాదం దగ్గర కదులుతోందన్నమాట. అంతమాత్రాన సిద్ధాంతం కూలిపోయిందని రాయకు, తొందరపాటవుతుంది. ఆయనకు వేరే ఆధారాలూ ఉన్నాయి. ఏ తప్పూ చేయని పసిబిడ్డకు సంఘం బాప్తిస్మం ఎందుకిస్తోందని ఆయన అడిగాడు. మన లూథరన్ సంఘంలో నీకూ నాకూ ఇచ్చారు కదా, ఎందుకంటావు? దానికి నువ్వు చెప్పుకునే జవాబు, పక్కన ఈ అనువాదం సంగతి, రెండూ పెట్టి ఏది బరువో తేల్చు. 24 మార్కులకు అడిగేది ఈ పనే.

ఇందులో పాపం ఎక్కడుందో చూపించు. 430లో చనిపోయాడాయన. దానికి మూడు నాలుగేళ్ల ముందు తన పుస్తకాలన్నీ ఒక్కొక్కటే ముందేసుకుని, ఎక్కడ పొరబడ్డాడో, ఎక్కడ మాట సరిగా పడలేదో తానే రాసిపెట్టాడు. 'రిట్రాక్టేషన్స్' అంటే అదే. తన మాటను తానే తూచుకున్న మనిషిని నువ్వు తూస్తే ఆయనకు కోపం రాదు చిన్నీ.

సిలబస్‌లో ఉన్న జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ దగ్గర చిక్కు దీనికి తిరగబడి ఉంటుంది. 1939లో న్యూయార్క్‌లో క్షేమంగా ఉండే వీలుండీ జర్మనీకి తిరిగి వెళ్లాడు. 1945 ఏప్రిల్ 9న, 39 ఏళ్ల వయసులో, ఫ్లోసెన్‌బర్గ్ క్యాంపులో ఉరితీశారు. అది చదివాక మనసు కరిగి, వ్యాసం కాస్తా సంతాపసభ ప్రసంగం అయిపోతుంది. గౌరవం ఉండనీ, తూకం మాత్రం ఆపకు. 1934లో గాంధీగారు ఆయన్ను ఆశ్రమానికి ఆహ్వానిస్తూ ఉత్తరం రాశారు, ఆయన వెళ్లనే లేదు. అహింస నేర్చుకోవాలనుకున్న మనిషి హిట్లర్‌ను చంపే కుట్ర పన్నినవాళ్లతో ఎలా కలిశాడు? అది నిర్దోషమైన పని అని ఆయనే అనుకోలేదు. ఆ అపరాధాన్ని నెత్తిన వేసుకోవాల్సిందే అనుకున్నాడు. అధికారులకు లోబడమనే రోమా 13ను దాని పక్కన పెట్టి ఆలోచించు.

ఇక సిలబస్‌లోని జాన్ హిక్. ఆయన మీ బర్మింగ్‌హామ్‌లోనే పాఠం చెప్పాడు, 1967 నుంచి. అక్కడి గుళ్లు, గురుద్వారాలు, మసీదులు చూశాకే ఇతర మతాల గురించి ఆయన ఆలోచన మారింది. మీ ఎదురింటి సిక్కు మామ్మగారు మంచివారని రాస్తే మార్కు రాదు. అన్ని మతాల వెనకా ఉందని హిక్ చెప్పే పరమసత్యంలో ఆవిడ తన దేవుణ్ణి గుర్తుపడతారా అని అడిగితే వస్తుంది.

ఇక చదివే తీరు. నాలుగింట మూడే కదా అని టాపిక్‌లు వదిలేయకు, ఏవి వస్తాయో ఎవరికీ తెలియదు. రోజుకో పాత ప్రశ్న తీసుకో. పుస్తకం మూసి, గడియారం ముందు పెట్టుకుని 40 నిమిషాలు చేత్తో రాయి. మొదలుపెట్టే ముందు చిత్తు కాగితం మీద నీ తీర్పు, దానికి కారణం ఒక్క వాక్యంలో రాసుకో. ఆ వాక్యం రాకపోతే ఆ రోజు వ్యాసం మానేసి మళ్లీ చదువు. ప్రతి పేరాకీ ఆ వాక్యంతో చుట్టరికం ఉండాలి. కొటేషన్లు మూడు నాలుగు మాటలకు మించి పట్టుకోకు.

రాత్రి రెండింటిదాకా మేలుకోవద్దు. పిన్నికి, బాబాయికి నా వందనాలు చెప్పు. రోమా 5:12 మీద ఒక పేజీ రాసి, ఫొటో తీసి శనివారంలోగా పంపు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేస్తాను. అమ్మమ్మను కూడా లైన్లోకి తీసుకుందాం. ఆ వచనం ఆవిడకు కంఠతా వచ్చు, ముందు ఆవిడ నోట విందాం. తర్వాత నువ్వు రాసింది నువ్వు చదువు.

నీ అక్క