సంఖ్య పుట్టుక అడుగు

చి. సౌమ్యకు,

పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టమంటే ఎక్కడ పట్టుకోవాలో తోచడం లేదని రాశావు. ముందు అది ఎక్కడ పుట్టిందో అడుగు తల్లీ, భాగహారం తర్వాత. 18446744073709551615నే తీసుకో.

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి అయ్యే మొత్తం ఇది. మన పావులూరి మల్లన దీన్ని పద్యంలో కూర్చాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, శరాలంటే 5; ఒకట్ల స్థానంతో మొదలై పద్యం ఎడమకు నడుస్తుంది. 20 అంకెల్లో ఒక్కటీ జారలేదు. చాలా క్యాలిక్యులేటర్లేమో 1.8446744 అని చూపించి, పక్కన 19 వేసి ఊరుకుంటాయి. ఆ వదిలేసిన తోకే మనకు కావాలి. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. అందుకే సంఖ్యను ఎప్పుడూ కాగితం మీద పూర్తిగా రాసుకో.

ఆపైన అంకెలు సాయపడవు, పుట్టుకే సాయపడుతుంది. ఈ మొత్తం 2⁶⁴ − 1. రెండు వర్గాల భేదం సూత్రం నీకు వచ్చు కదా: (2³² − 1) × (2³² + 1). మొదటిది మళ్లీ అలాగే విడుతుంది, అందులో మొదటిది మళ్లీ. చివరికి 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 వస్తుంది. ఒక్క భాగహారం కూడా చేయలేదు!

ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. ఆరోదాన్ని, అంటే 2³² + 1ని, 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. దాని రుజువు నాకెంతో ఇష్టం. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 641 అంటే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపం ప్రకారం 5 × 2⁷కు 641తో శేషం −1. నాలుగో ఘాతం వేస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1, అంటే 2³² + 1కు శేషం సున్నా. నిదానంగా రెండుసార్లు రాసి చూడు, నీ చేతికి వచ్చేస్తుంది.

641 ఎలా తట్టిందంటావా? 2³² + 1ను భాగించే ప్రధానం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపినదే అయి తీరాలని ఆయిలర్ నిరూపించాడు. అలాంటి ప్రధానాలు 193, 257, 449, 577, 641. అయిదోదే దొరికింది!

ఇక మిగిలింది 6700417. ఇదీ ప్రధానమే, కానీ నేను చెప్పానని ఒప్పుకోకు. దీని వర్గమూలం 2588 దాటి కొంచెం, కాబట్టి అంతవరకే వెతకాలి. లూకాస్ ఆ 64ను 128 చేశాడు, దాంతో పని ఇంకా తగ్గింది: 257, 641, 769, 1153, 1409. ఈ అయిదింటితో భాగించి, శేషాలు రాసి పంపు.

మీ మామయ్య