సీఎన్‌సీ మిల్లింగ్: సున్నాతోనే తొలి పాఠం

ఢిల్లీలోని ఓఖ్లాలో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ సాంకేతిక కేంద్రం సీఎన్‌సీ యంత్రాలపై శిక్షణ ఇస్తుంది. ఏ కొత్త మిల్లింగ్ యంత్రం దగ్గరైనా ముందు తేల్చుకోవలసింది సున్నా ఎక్కడన్నదే.

హోమ్ స్థానం యంత్రం సొంత సున్నా. వైస్‌లో బిగించిన లోహపు దిమ్మె ఎక్కడుందో దానికి తెలియదు. అంచులు తాకించి చూసి, ఆ స్థానాన్ని జీ54లో నమోదు చేయాలి. ప్రతి టూల్ పొడవునూ విడిగా నమోదు చేయాలి. పొడవు 10 మిల్లీమీటర్లు తక్కువగా పడితే, దిమ్మెకు 5 మిల్లీమీటర్ల పైన ఆగవలసిన టూల్, జీ00 వేగంతో 5 మిల్లీమీటర్లు లోపలికి దూసుకుపోతుంది. టూల్ విరుగుతుంది, స్పిండిల్ దెబ్బతినవచ్చు.

అందుకే తొలిసారి సింగిల్ బ్లాక్‌లో, ర్యాపిడ్ వేగం తగ్గించి, ఫీడ్ హోల్డ్ బటన్‌పై వేలుంచి నడపాలి. ఆ బటన్ కదలికనే ఆపుతుంది. సాధారణంగా స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదమైతే నొక్కవలసింది ఎర్రటి ఎమర్జెన్సీ బటన్‌నే.