రెండు మీటలు, ఒక గీత

కొనకనమిట్ల

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

కంది కోత అయిపోయింది. మీ అవ్వ మోకాళ్లు ఎప్పటి మాదిరే. మొన్న ఫోనులో నువ్వు నవ్వుతా చెప్పిన సంగతి నన్ను మూడు రాత్రులు నిద్రపోనియ్యలేదు. నువ్వు లాప్‌టాప్ తెరిచిపెట్టి కాఫీకి పోతే, పక్క సీటు పిల్లోడు నీ పేరు మీద ‘రేపు బిర్యానీ నాది’ అని టీమంతటికీ మెసేజీ కొట్టాడంటివి. 18 మందికి పెట్టించావంటివి. మీ అవ్వ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదమ్మా. డబ్బు పోతే పోయింది. నువ్వనని మాటను 18 మందీ నీ మాటే అనుకున్నారు చూడు, అదీ నా దిగులు. ఆ చేత్తోనే మేనేజరుకు రాజీనామా రాసుంటే? కంపెనీ ఫైలు బయటికి పంపుంటే?

మన సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు పిల్ల మంచినీళ్లకు లేచినా విండోస్ గుర్తున్న మీట, ఎల్ మీట కలిపి నొక్కి మరీ లేస్తుంది. “రాసుకున్నది పోదా?” అని అడిగా. “ఏదీ పోదు తాతా, పాస్‌వర్డు కొడితే అన్నీ ఉన్నచోటే ఉంటాయి” అంది. ఫోను దూరం పోతే దానంతటదే తాళం పడేటట్టు కూడా పెట్టుకోవచ్చంట, కానీ అది పడేదానికి నిమిషం దాకా పడుతుందంట. గీత గీసేవాడికి నిమిషమెందుకు?

ఏ గీత అంటావేమో. 1978లో మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరా. రాయిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క ఫ్రేము బిగించేవాళ్లు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా రాతిపొడే. మధ్యాహ్నం నేనూ ఇంకో గుమాస్తా చెన్నకేశవస్వామి గుడి దగ్గర కూర్చుని సద్ది తినేవాళ్లం. వాడి గోంగూర పచ్చడిలో సగం నాదే. అన్నట్టు, నువ్వు మధ్యాహ్నం అన్నం తింటున్నావా? గొంతు నీరసంగా ఉంది.

ఒకరోజు గోడౌనులో దిగిన సరుకు 310 పెట్టెలని చిట్టాలో రాసి, దాన్ని అట్లాగే తెరిచిపెట్టి, పెన్ను పైన పడేసి టీకి పోయా. ఎవరో ఒకటి అంకెకు నెత్తిన గీత పెట్టారు. 370 అయింది. నెలాఖరుకు 60 పెట్టెలు తక్కువ. “ఈ రాత నీదేనా?” అని యజమాని ఒక్క మాట అడిగాడు. మూడూ నాదే, సున్నా నాదే. ఏడు ఎవరిదని చెప్పను?

మూడు నెలలు జీతంలో కోత పడింది. అది మరిచిపోయా. ఆరోజు నా బల్ల దగ్గర నేను చూసింది ఆ పచ్చడి పెట్టేవాణ్ణి ఒక్కణ్ణే. వాడే చేశాడని తెలియదు, చెయ్యలేదనీ తెలియదు. అడగలేక మాటలు మానేశా. నిరుడు వాడు పోయాడని తెలిసి పొదిలి పోయొచ్చా. “మా ఆయనకు మీరంటే ప్రాణం, ఎందుకు రావడం మానేశారన్నా?” అంది వాళ్లావిడ. నోరు పెగల్లేదమ్మా. చిట్టా మూసి సొరుగులో పెట్టి తాళం వేసుంటే వాణ్ణి అనుమానించే పనే నాకు పడేది కాదు.

ఇంకొకరి పాస్‌వర్డును మోసానికి వాడితే ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని ఒక వకీలు చెప్పాడు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యమన్నాడు. సరే, అవన్నీ గీత పడ్డాక వచ్చేవి.

“తర్వాత తాళం సెట్టింగు మారుస్తాలే తాతా” అన్నావు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి వేశారు, మన చేనుకు ఇంకా చుక్క రాలేదు. తర్వాత అనే మాట నా దగ్గర చెప్పొద్దు.

ఆ పిల్లోణ్ణి కోప్పడొద్దు. మంచోడే అయ్యుంటాడు. ఎన్నేళ్లయినా వాణ్ణి మంచోడనే అనుకునేటట్టు, లేచే ముందు ఆ రెండు మీటలు నొక్కు తల్లీ.

కందిపొడి బస్సులో వేస్తున్నా. నెయ్యి వేసుకుని తిను.

ఇట్లు,
నీ తాతయ్య

తా.క.: మీ అవ్వ ఫోనుకు కూడా తాళం పెట్టా. నంబరు ఇద్దరం మరిచిపోయాం. పండక్కి వచ్చినప్పుడు తీసిపెట్టు.