చోటు ఒకటి, వరసలు ఎన్నో

చిరంజీవి వాసంతికి,

క్యాసెట్ల నుంచి కంప్యూటరుకెక్కించిన పాటల డిస్కు నీ చేతికొచ్చిందనీ, వేల ఫైళ్ళలో కావలసినది దొరకడం లేదనీ రాశావు. మౌసు పక్కనపెట్టి కీబోర్డుతో నడిచే ప్లేయరు నేర్చుకుంటే పని త్వరగా అవుతుందా అని అడిగావు. త్వరగానే అవుతుంది కానీ, నేను నేర్చుకోమనేది అందుకు కాదు. నాలుగు నిమిషాల పాటను రెండు సెకన్లు ముందుగా మొదలుపెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. అసలు లాభం వేరే ఉంది. కీబోర్డుతో పనిచేసేటప్పుడు ప్రతి పాట గురించీ రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ పాట ఎక్కడ ఉండాలి? దీన్ని దేని తర్వాత వినాలి? మొదటి ప్రశ్న ఫైల్ బ్రౌజరుది, రెండోది ప్లేలిస్టుది. ఈ రెండూ కలగాపులగమైన చోటే పాటల సేకరణ చెత్తకుప్ప అవుతుంది. వాటిని విడదీసి ఆలోచించే అలవాటు నీకు రావాలన్నదే ఈ ఉత్తరంలో నా వాదన అంతా.

త్యాగరాజ పంచరత్నాలనే తీసుకో. తిరువయ్యారు ఆరాధనలో వాటిని పాడే క్రమం అందరికీ తెలిసిందే: నాటలో జగదానందకారక, గౌళలో దుడుకుగల, ఆరభిలో సాధించెనే, వరాళిలో కనకనరుచిరా, చివరన శ్రీరాగంలో ఎందరో మహానుభావులు. ఈ ఐదు ఫైళ్ళకూ ఇంగ్లిషు అక్షరాల్లో పేర్లు పెట్టి ఒక ఫోల్డర్లో వేస్తే బ్రౌజరు దుడుకుగలను మొదట చూపిస్తుంది, వెంటనే ఎందరో, తర్వాత జగదానందకారక, కనకనరుచిరా, సాధించెనే. పోనీ తెలుగు లిపిలో పెడదామంటే అచ్చు ముందు కాబట్టి ఎందరో ఏకంగా మొదటికే వచ్చి కూర్చుంటుంది. ఇందులో బ్రౌజరు తప్పేమీ లేదు. దాని పని చోటు చూపించడం. అక్షరక్రమం వెతుక్కోవడానికి పనికొస్తుందే తప్ప వినడానికి కాదు. పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే సరిపోతుంది కదా అంటావు. ఒక హరికథ నాలుగు భాగాలుగా ఉంటే అలాగే వెయ్యి, దానికి ఇంకో వరస ఉండదు. కానీ ఎందరో మహానుభావులు పంచరత్నాల్లో ఐదోది, శ్రీరాగ కీర్తనలు ఏర్చి వింటే మొదటిది కావచ్చు, ఒక విద్వాంసుడి కచేరీలో మూడోది కావచ్చు. ఫైలు పేరు ముందు ఒక్క అంకే పడుతుంది. రెండో వరస అవసరమైన మరుక్షణం ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది.

నీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది గనక సీమస్ అనే ప్లేయరుతో మొదలుపెట్టు. టెర్మినల్ కిటికీలో నడిచే చిన్న ప్రోగ్రాం అది. బొమ్మలుండవు, మెనూలుండవు, నేను చెప్పే తేడా మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. 5 నొక్కితే ఫైల్ బ్రౌజరు, 3 నొక్కితే ప్లేలిస్టు, 4 నొక్కితే అప్పటికప్పుడు వినాల్సినవాటి క్యూ. బ్రౌజర్లో బాణం కీలతో కదిలి, ఎంటర్ నొక్కితే ఫోల్డరు లోపలికి వెళ్తావు, బ్యాక్‌స్పేస్ నొక్కితే పై ఫోల్డరుకు వస్తావు. స్లాష్ నొక్కి పేరులో ఒక ముక్క టైపు చేస్తే దాని దగ్గరికి తీసుకెళ్తుంది, ఎన్ నొక్కితే అలాంటిదే ఇంకోటి చూపిస్తుంది. పాట మీద నిలబడి వై నొక్కితే ప్లేలిస్టులో చేరుతుంది, ఇ నొక్కితే క్యూలో చేరుతుంది. ఫోల్డరు మీద వై నొక్కితే అందులోని పాటలన్నీ చేరతాయి. క్యూలోది ఒకసారి మోగాక అక్కడినుంచి పోతుంది, ప్లేలిస్టులోది ఉండిపోతుంది. ఈ పూటకు వినాలనుకున్నదీ, ఎప్పటికీ ఒక వరసలో ఉండాలనుకున్నదీ ఒకటి కాదని ఆ రెండు కీలే చెబుతున్నాయి.

కొత్త ప్లేలిస్టు కావాలంటే కోలన్ నొక్కి, ఇంగ్లిషులో పీఎల్-క్రియేట్ అని రాసి, పక్కన పేరిచ్చి ఎంటర్ నొక్కాలి. తర్వాత 3లో ఎడమ పక్క ఆ పేరు మీద స్పేస్ నొక్కి గుర్తు పెడితే, ఇక వై నొక్కిన ప్రతి పాటా అందులోకే వెళ్తుంది. ట్యాబ్ నొక్కి కుడి పక్కకు వచ్చాక, చోటు మార్చాల్సిన పాటను స్పేస్‌తో గుర్తించి, దేని తర్వాత రావాలో ఆ పాట మీదికి వెళ్ళి పి నొక్కితే అక్కడ చేరుతుంది. పంచరత్నాలను వరసలో పెట్టడానికి ఇంతకన్నా తెలియాల్సింది లేదు. ఒక్క సంగతి మాత్రం మరిచిపోకు. డిలీట్ కీ ప్లేలిస్టులో నొక్కితే ఆ వరసలోంచి పాట పేరు మాత్రమే పోతుంది, ఏమీ అడగకుండా పోతుంది. అదే కీ బ్రౌజర్లో నొక్కితే డిస్కులోని ఫైలే పోతుంది, అందుకే అక్కడ ముందు నీ అనుమతి అడుగుతుంది. వరసలోంచి తీసేస్తే మళ్ళీ చేర్చుకోవచ్చు. క్యాసెట్టు నుంచి ఎక్కించిన ఫైలు పోతే, ఆ టేపు ఇప్పటికే పాడై ఉంటే, ఇక అంతే. కాబట్టి డిలీట్ మీదికి వేలు వెళ్ళేముందు తెర మీద ఉన్నది 3వ కిటికీయా 5వదా అని ఒకసారి చూసుకో.

ప్లేలిస్టు అంటే ఏమిటో లోపలికి తొంగి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఎం3యు అనే రకం ప్లేలిస్టును మామూలు టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి చూడు. ఒక్కో వరుసలో ఒక్కో ఫైలు చిరునామా ఉంటుంది, అంతే. పాట అందులో ఉండదు. 128 కెబిపిఎస్‌లో ఎక్కించిన నాలుగు నిమిషాల పాట దాదాపు 4 ఎంబీ. దాన్ని మూడు ఫోల్డర్లలో కాపీ చేస్తే 12 ఎంబీ, పైగా ఒకదాని పేరు సరిదిద్దితే మిగతా రెండూ పాత పేర్లతోనే ఉండిపోతాయి. మూడు ప్లేలిస్టుల్లో పెడితే ఖర్చు మూడు వరుసల అక్షరాలు. అయితే ఇందులో ఒక బలహీనత ఉంది, అది దాచను. చాలా ప్లేయర్లు డ్రైవు పేరుతో సహా పూర్తి చిరునామా రాసిపెడతాయి. డిస్కును వేరే కంప్యూటరుకు తగిలిస్తే ఆ చిరునామా మారుతుంది, ప్లేలిస్టు మూగబోతుంది. కానీ అది ఉత్త టెక్స్ట్ గనక ఎడిటర్లో ఫైండ్-రీప్లేస్ చేసి ఒక్క దెబ్బతో సరిదిద్దవచ్చు. ఇంకా మంచి పని, ప్లేలిస్టును పాటల ఫోల్డర్ల పక్కనే ఉంచి, అక్కడినుంచి మొదలయ్యే చిరునామాలు మాత్రమే మిగల్చడం. అప్పుడు డిస్కు ఎక్కడికి పోయినా వరస దానితోపాటే వెళ్తుంది. తెలుగు పేర్లుంటే ఎం3యు8గా దాచు. అది యూటీఎఫ్-8 పద్ధతి, అక్షరాలు చెడిపోవు.

పేర్ల సంగతికొద్దాం, కీబోర్డు నిన్ను నిజంగా పరీక్షించేది ఇక్కడే. వెతుకులాట నువ్వు టైపు చేసిన అక్షరాలనే చూస్తుంది, నీ మనసులో ఉన్నది దానికి తెలియదు. ఘంటసాల పేరును ఇంగ్లిషులో జి తర్వాత హెచ్‌తో రాసేవాళ్ళున్నారు, హెచ్ లేకుండా రాసేవాళ్ళున్నారు. మాయాబజార్‌ను ఒకే మాటగా రాసేవాళ్ళూ, విడగొట్టి రాసేవాళ్ళూ, జడ్ బదులు జె వేసేవాళ్ళూ ఉన్నారు. ఒకే డిస్కులో ఈ రూపాలన్నీ ఉంటే స్లాష్ నొక్కి వెతికిన ప్రతిసారీ కొన్నే దొరుకుతాయి, మిగతావి లేవనుకుంటావు. ఒక రూపం ఎంచుకుని ఒక కాగితం మీద రాసుకుని దానికే కట్టుబడు. ఏ రూపమన్నది అంత ముఖ్యం కాదు. తెలుగు లిపిలోనే పేర్లు పెడితే ఈ బాధ ఉండదు కదా అనొచ్చు. సగం నిజం. కానీ చాలా టెర్మినళ్ళలో తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగా అతకవు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఉన్నప్పుడు ఎక్స్ నొక్కితే ప్లేయరుకు చేరేది తెలుగక్షరం, దాన్ని ఆజ్ఞగా అది గుర్తించదు. వెతికేటప్పుడు తెలుగుకీ, వాయించేటప్పుడు ఇంగ్లిషుకీ మారుతూ ఉండాలి. పైగా లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు, యూటీఎఫ్-8లో తెలుగు ఒక్కో సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, ఒత్తుకూ గుణింతానికీ వేరే లెక్క. అంటే 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. అందుకే ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో పొట్టిగా, లోపలి ట్యాగులో పూర్తి పేరు తెలుగులో పెట్టమంటాను. ఇది లిపి మీద చిన్నచూపుతో చెప్పే మాట కాదు. ఆ పనిముట్టు ఇవాళ ఉన్న స్థితి అది.

ట్యాగులుండగా ఫోల్డర్లెందుకు, గాయకుడి పేరూ ఆల్బమ్ పేరూ చూసి ప్లేయరే సర్దిపెడుతుంది కదా అన్నది గట్టి ఆక్షేపణే. సీమస్‌లో కూడా 1 నొక్కితే అలా సర్దిన లైబ్రరీ వస్తుంది. కానీ 1957 నాటి మాయాబజార్‌లో లాహిరి లాహిరి పాటను ఎక్కడ పెడతావు? పాడింది ఘంటసాల, పి. లీల. రాసింది పింగళి నాగేంద్రరావు. సంగీతం ఘంటసాల పేరిటే ఉన్నా ఆ సినిమాలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఎంపీ3 ట్యాగుల్లో స్వరకర్తకూ రచయితకూ వేర్వేరు గదులున్నాయి, కానీ చాలా ప్లేయర్లు ముందుకు తెచ్చి చూపించేది ఆర్టిస్టునూ ఆల్బమ్‌నూ. మనమేమో పాటను సినిమా పేరుతో గుర్తుపెట్టుకుంటాం, పింగళి పాటలని ఏర్చి వింటాం. ఇక పద్యనాటకాలు, బుర్రకథలు, క్యాసెట్ల నుంచి ఎక్కించినవి అయితే ట్యాగులే ఉండవు. దిగుమతి చేసుకున్న సినిమా పాటల్లో ఆర్టిస్టు గదిలో ఏదో వెబ్‌సైటు పేరుంటుంది. తప్పుల ట్యాగులతో ప్లేయరు సర్దితే తప్పుగానే సర్దుతుంది. కాబట్టి సినిమా పాటకు సినిమా పేరు ఫోల్డరు, కీర్తనకు వాగ్గేయకారుడి ఫోల్డరు, అలా ఒక చోటు ఖాయం చెయ్యి. రచయిత, గాయకుడు, రాగం, సందర్భం అన్నవన్నీ ప్లేలిస్టులకు వదిలెయ్యి. తీరిక దొరికితే ట్యాగులు సరిచేసుకో, వద్దనను.

ఇన్ని కీలు ఎవరు గుర్తుపెట్టుకుంటారంటావేమో. నిత్యం కావలసినవి పదిహేనుకు మించవు, అందులోనూ ముఖ్యమైన ఐదు పక్కపక్కనే ఉన్నాయి. కీబోర్డు కింది వరుసలో జడ్ ముందు పాట, ఎక్స్ మొదలు, సి కాసేపు ఆపు, వి పూర్తిగా ఆపు, బి తర్వాతి పాట. టేప్ రికార్డరు మీద బటన్లు వరసగా ఉన్నట్టే ఇవీ ఉంటాయి. 1997లో వచ్చిన విన్‌యాంప్‌లోనూ ఇదే వరస. అది నేర్చినవాళ్ళ వేళ్ళకు సీమస్ కొత్త కాదు. విండోస్‌లో వీఎల్‌సీ వాడాల్సి వస్తే కంట్రోల్-ఎఫ్‌తో ఫోల్డరు తెరిచి, కంట్రోల్-ఎల్‌తో ప్లేలిస్టు చూసి, కంట్రోల్-వైతో దాన్ని ఫైలుగా దాచుకోవచ్చు. కీలు మారతాయి, ఆ రెండు ప్రశ్నలు మారవు. మౌసుతో ఇదంతా చేయలేమా అంటే, చేయవచ్చు. కానీ కళ్ళతో వెతికి నొక్కేవాళ్ళకు పేర్లు అధ్వాన్నంగా ఉన్నా ఎలాగో గడిచిపోతుంది, అందుకే అవి అధ్వాన్నంగానే ఉండిపోతాయి. చూపు లేనివాళ్ళ సంగతి ఆలోచించు. 2006లో మొదలై ఉచితంగా దొరుకుతున్న ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడరు, బాణం కీ నొక్కినప్పుడల్లా ఒక్కో పేరు చదివి వినిపిస్తుంది. ప్రతిదీ ట్రాక్ 01, ట్రాక్ 02 అయితే వాళ్ళకు ఆ డిస్కు ఉన్నా లేనట్టే. వాళ్ళకు పనికొచ్చేలా సర్దిన సేకరణ అందరికీ పనికొస్తుంది.

చివరి ఆక్షేపణ నీ ఈడువాళ్ళందరిదీ. పాటలన్నీ నెట్‌లో దొరుకుతుంటే ఈ తంటా ఎందుకని. కొత్త సినిమా పాటలైతే అక్కడే విను, దాచుకోవాల్సిన పని లేదు. కానీ అద్దెకు తెచ్చుకున్న పాటల మీద నీ వరసకు పూచీ లేదు. హక్కుల ఒప్పందం ముగిస్తే పాట జాబితాలోంచి మాయమవుతుంది, చందా ఆపితే కొన్ని సౌకర్యాలు పోతాయి. మన ఇంటి క్యాసెట్లలోని హరికథలూ, ఊళ్ళో ఎవరో పాడిన పద్యాలూ ఏ కంపెనీ దగ్గరా లేవు. ఉన్నవి నీ చేతిలోని డిస్కులోనే. వాటికి చోటూ వరసా నువ్వు ఏర్పరచకపోతే ఏర్పరిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

అలాగని డిస్కంతా ఒకేసారి సర్దడానికి కూర్చోకు, మధ్యలో వదిలేస్తావు. ముందు మొత్తం డిస్కుకు ఇంకో కాపీ తీసి వేరేచోట పెట్టు. తర్వాత ఒక్క వాగ్గేయకారుణ్ణో ఒక్క సినిమానో తీసుకుని, పేర్లు దిద్ది, ఒక ప్లేలిస్టు కట్టి, షఫుల్ ఆగి ఉందో లేదో ఎస్ కీతో సరిచూసుకుని మొదటినుంచి చివరిదాకా విను. షఫుల్ వేసి ఉంటే నువ్వు కట్టిన వరస వృథా. వింటుంటే ఏ పాట ఎక్కడ ఇమడలేదో తెలుస్తుంది. పి కీతో జరుపు, మళ్ళీ విను. ఒక జాబితా నీకు తృప్తినిచ్చాక దాన్ని ఎం3యు8గా దాచి, పేర్లు రాసుకున్న కాగితం నకలుతో సహా నాకు పంపు. పేర్లలో తేడాలు కనిపిస్తే అప్పుడే చెబుతాను. వంద ఫైళ్ళప్పుడు దిద్దడం తేలిక, పదివేలప్పుడు కాదు.

ఆశీస్సులతో,
నీ మావయ్య