నల్ల తేనీరు – రక్తనాళముల యారోగ్యము

తెల్లవాఱినతోడనే పొయ్యిమీద తేనీరు కాగని యిల్లు మన ప్రాంతమున నేడు అరుదు. అతిథి వచ్చినను తేనీరే, అలసట కలిగినను తేనీరే. దీనికి తోడు ఇటీవల మఱియొక మాటయు వ్యాపించుచున్నది. పాలు కలుపని నల్ల తేనీటిని దినమునకు రెండుమూడు కప్పులు త్రాగినచో రక్తనాళములు బాగుపడుననియు, రక్తపుపోటు తగ్గుననియు, ఇక మాత్రలతో పని యుండదనియు కొందఱు చెప్పుచున్నారు. అది వట్టి ప్రచారమని మఱికొందఱు నవ్వి త్రోసివేయుచున్నారు. ఈ మాటలో కొంత నిజము కలదు; ఆ నిజమునకు హద్దును కలదు. నిజమును మాత్రమే విని హద్దును తెలియనివాడు మాత్రలు మానివైచి ప్రాణము మీదికి తెచ్చుకొనవచ్చును. కాబట్టి విద్యార్థులును వారి తల్లిదండ్రులును ఈ విషయమును క్రమముగా తెలిసికొనుట మంచిది.

రక్తనాళము వట్టి గొట్టము కాదు

రక్తము గుండె నుండి బయలుదేఱి దేహమంతయు తిరిగి మరల గుండెకే చేరునని ఇంగ్లండు దేశపు వైద్యుడగు విలియం హార్వే 1628వ సంవత్సరమున ప్రకటించెను. విశ్రాంతిగా నున్న పెద్దవాని గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. ఈ రక్తమును మోసికొనిపోవు ధమనులను చాలకాలము నీటిగొట్టముల వంటివిగానే భావించిరి. కాని ధమని ప్రాణముగల యవయవము. దాని గోడలో కండరముండును. ఆ కండరము బిగిసినపుడు ధమని యిఱుకగును, సడలినపుడు విరివియగును.

ధమని లోపలి వైపున, రక్తమును తాకుచు, ఒకే కణము మందముగల మిక్కిలి పలుచని పొర యొకటి కలదు. దీనికి ఎండోథీలియమని పేరు. దీనిని మనము లోపొర యని పిలుచుకొందము. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు ఫర్చ్‌గాట్ కుందేటి ధమనీఖండములతో పరీక్షలు చేసి యొక వింతను బయలుపఱచెను. లోపొర చెడకుండ నున్న ధమని, ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము తగిలినపుడు సడలెను. లోపొరను గీకివేసిన ధమని అదే ద్రవ్యము తగిలినను సడలలేదు. అనగా సడలుమని కండరమునకు వర్తమానము పంపునది లోపొరయే యని తేలినది. ఆ వర్తమానము నైట్రిక్ ఆక్సైడు అను వాయువని తరువాత స్థిరపడెను. ఈ పరిశోధనలకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి నోబెల్ బహుమతి లభించినది.

పొగత్రాగుట, మధుమేహము, అధిక రక్తపుపోటు, రక్తములో మితిమీరిన కొవ్వు – ఇవి యీ లోపొరను పాడుచేయును. అపుడది తగినంత నైట్రిక్ ఆక్సైడును విడువలేదు. ధమని బిగిసియుండును, గోడలో కొవ్వు పేరుకొనుట కారంభించును. గుండెపోటునకును, పక్షవాతమునకును దారి యిచ్చటనే మొదలగును. నల్ల తేనీరు రక్తనాళములకు మేలుచేయునా యను ప్రశ్నకు అసలు అర్థము, అది యీ లోపొర పనిని బాగుచేయునా యనియే.

ఆకు నల్లబడు విధము

పచ్చ తేనీరు, నల్ల తేనీరు వేఱువేఱు మొక్కల నుండి వచ్చునవి కావు. రెండింటికిని మూలము ఒకే తేయాకు మొక్క. కోసిన యాకును వాడబెట్టి, నలిపి, గాలిలో నుంచినపుడు ఆకులోని రసము ప్రాణవాయువుతో కలిసి రంగు మారును. వంకాయను కోసి నీటిలో వేయక విడిచినచో ముక్కలు నల్లబడుట మీరు వంటయింట చూచియే యుందురు. రెండింటిలో జరుగు మార్పు ఒక తీరుదే. ఈ మార్పువలన ఆకులోని కాటెకినులను పదార్థములలో చాల భాగము థియాఫ్లేవినులు, థియారూబిజినులు అనువానిగా మారును. నల్ల తేనీటి యెఱ్ఱని రంగునకును, వగరునకును ఇవియే ముఖ్యకారణము. వీనినన్నిటిని కలిపి ఫ్లేవనాయిడులందురు. రక్తనాళములకు మేలుచేయునవి యివియేయని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

పరీక్షించిన విధము

లోపొర పనిని కొలుచుట యెట్లు? భుజము నుండి మోచేతికి దిగు ధమని వెడల్పును మొదట అతిధ్వని యంత్రముతో కొలుతురు. పిమ్మట ముంజేతికి పట్టీ చుట్టి, గాలి నింపి, అయిదు నిమిషములు రక్తప్రసారమును ఆపుదురు. పట్టీ విడిచినతోడనే రక్తము వేగముగా ప్రవహించును. ఆ ఒరిపిడి తగిలి లోపొర నైట్రిక్ ఆక్సైడును విడుచును; ధమని విరివియగును. మొదటి వెడల్పుకంటె నూటికి ఎంత హెచ్చెనో లెక్కింతురు. ఈ యంకె హెచ్చుగా నున్నచో లోపొర ఆరోగ్యముగా నున్నదని భావము.

అమెరికాలోని బోస్టను నగరమున గుండె ధమనుల వ్యాధిగల 66 మందిని చేర్చుకొని యిట్టి పరీక్ష చేసి, 2001లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 50 మంది తుదివఱకు నిలిచిరి. వారు కొంతకాలము నల్ల తేనీటిని, కొంతకాలము నీటిని త్రాగిరి. ఒక్కసారి 450 మిల్లీలీటర్ల తేనీరు త్రాగిన పిమ్మటను, దినమునకు 900 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారములు త్రాగిన పిమ్మటను ధమని విరివి పెరిగెను. నీటివలన మార్పు కలుగలేదు. కెఫీనును మాత్రమే యిచ్చి చూడగా దానివలనను మేలు కనబడలేదు.

ఇటలీలోని లాక్విలా విశ్వవిద్యాలయము వారు 2009లో ప్రకటించిన పరీక్షలో 19 మంది ఆరోగ్యవంతులగు పురుషులు పాల్గొనిరి. వారికి వారమునకొక మోతాదు చొప్పున నల్ల తేనీటి ఫ్లేవనాయిడులను దినమునకు 0, 100, 200, 400, 800 మిల్లీగ్రాములుగా నిచ్చిరి. ధమని విరివి క్రమముగా నూటికి 7.8, 9.0, 9.1, 9.6, 10.3 వంతులైనది. మోతాదు పెరిగినకొలది ఫలమును పెరుగుట గమనింపదగినది. అయితే మొదటి 100 మిల్లీగ్రాములతోనే సగము మేలు కలిగినది. అది యించుమించు ఒక్క కప్పుతో లభించును. కప్పులపై కప్పులు త్రాగినంత మాత్రమున మేలు అదే లెక్కను పెరుగదు.

ఈ యంకెల యసలు పరిమాణమును విద్యార్థులు లెక్కకట్టి చూడవలెను. ధమని వెడల్పు 4 మిల్లీమీటర్లనుకొందము. నూటికి 7.8 వంతులు హెచ్చిన 4.31 మిల్లీమీటర్లగును, 10.3 వంతులు హెచ్చిన 4.41 మిల్లీమీటర్లగును. భేదము మిల్లీమీటరులో పదియవ వంతు. ఇది నిజమైన భేదమే. కాని రోగమును పాఱద్రోలు భేదము కాదు.

రక్తపుపోటు సంగతి

ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున 95 మందితో ఆఱు నెలలు జరిపిన పరీక్ష 2012లో వెలువడినది. కొందఱు దినమునకు మూడు కప్పుల నల్ల తేనీరు త్రాగిరి. తక్కినవారు అదే రుచియు కెఫీనును గలిగి తేయాకు లేని పానీయమును త్రాగిరి. తేనీరు త్రాగినవారికి పై రక్తపుపోటు 2 నుండి 3 పాదరస మిల్లీమీటర్లు తక్కువగా నుండెను. లక్షలమంది ప్రజలలో నింతటి తగ్గుదల కలిగినచో కొందఱి ప్రాణములు నిలుచును. కాని 160 గల యొక వ్యక్తికి అది 157 అగును, అంతే. అతని ప్రాణమును కాపాడునది వైద్యుడిచ్చిన మాత్రయే. తేనీరు మాత్రకు బదులు కానేరదు. తాతకుగాని నాయనమ్మకుగాని మాత్రలు నడచుచున్న యిండ్లలో ఈ యొక్క మాటను మఱవరాదు.

2022లో బ్రిటను నుండి మఱియొక పెద్ద లెక్క వెలువడినది. 40 నుండి 69 యేండ్ల వయస్సుగల సుమారు 4,98,000 మందిని పదునొకండేండ్లకు పైగా గమనింపగా, దినమునకు రెండు కప్పులో అంతకు మించియో తేనీరు త్రాగువారిలో మరణభయము నూటికి 9 నుండి 13 వంతులు తక్కువగా నుండెను. వారిలో హెచ్చుమంది త్రాగినది నల్ల తేనీరే. అయితే ఇది ప్రజలను గమనించుటయే గాని, కొందఱికి తేనీరిచ్చి కొందఱికి మాన్పించి చూచిన పరీక్ష కాదు. తేనీరు త్రాగువారి ఇతర యలవాట్లును ఈ భేదమునకు కొంత కారణమై యుండవచ్చును. మఱియు తేనీటిని గూర్చిన పరిశోధనలలో కొన్నిటికి తేయాకు వర్తకులే ధనసహాయము చేసిరి. అంతమాత్రమున అవి యబద్ధములు కావు. కాని చదువరి యీ సంగతిని ఎఱిగియుండవలెను.

పాలు పోయవచ్చునా?

మన యిండ్లలో కాగునది హెచ్చుగా పాల తేనీరే గనుక ఈ ప్రశ్న మనకు ముఖ్యము. పాలు పోసినచో వగరు తగ్గునని యందఱును ఎఱుగుదురు. పాలలోని కేసీను అను మాంసకృత్తు వగరు పదార్థములను పట్టుకొనుటయే దీనికి కారణము. బెర్లిను నగరమున 16 మంది ఆరోగ్యవంతులగు స్త్రీలతో జరిపి 2007లో ప్రకటించిన పరీక్షలో నల్ల తేనీరు ధమనిని విరివి చేసెను. నూటికి పది వంతులు వెన్న తీసిన పాలు కలిపినపుడు ఆ మేలు కనబడలేదు. అయితే పాలు కలిపినను కాటెకినులు రక్తములోనికి చేరుట తగ్గలేదని తేల్చిన పరిశోధనయు గలదు. పైన చెప్పిన బ్రిటను లెక్కలో పాలు పోసికొనినవారికిని పోసికొననివారికిని ముఖ్యభేదము కనబడలేదు. కాబట్టి పాలు చెఱుపని గట్టిగా చెప్పుటకు వీలులేదు. రక్తనాళముల మేలుకొఱకే త్రాగదలచినవారు పాలు లేకుండ త్రాగుట మేలు.

చక్కెర విషయమున ఇట్టి సందేహము లేదు. కప్పునకు రెండు చెంచాలు, అనగా పది గ్రాముల చొప్పున నాలుగు కప్పులకు 40 గ్రాములగును. కలిపికొను చక్కెర మొదలగునవి దినమునకు 25 గ్రాములకు లోబడియుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. రక్తనాళములకు తేనీరు చేయు కొద్ది మేలును చక్కెర హరించివేయగలదు.

తెలిసికొనవలసిన జాగ్రత్తలు

పూర్వము కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లని సిరా చేసెడివారు. కరక్కాయ వగరు, అన్నభేదిలోని యినుము కలిసి ఆ నలుపు పుట్టెడిది. తేనీటి వగరును అట్లే ఆహారములోని యినుమును పట్టుకొనును. ఆకుకూరలు, పప్పులు, రాగులు తిని వెంటనే తేనీరు త్రాగినచో వానిలోని యినుము రక్తమునకు అందుట తగ్గును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశమందలి 15 నుండి 19 యేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కాబట్టి బాలికల తల్లిదండ్రులు దీనిని చిన్న విషయముగా నెంచరాదు. భోజనమునకు ముందొక గంటయు, తరువాత నొక గంటయు తేనీరు, కాఫీ త్రాగవలదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది.

ఆ సంస్థయే దినమునకు కెఫీను 300 మిల్లీగ్రాములకు మించరాదని చెప్పినది. ఒక కప్పు తేనీటిలో 30 నుండి 65 మిల్లీగ్రాములుండును. అనగా పెద్దలకు మూడు నాలుగు కప్పులు చాలును. రాత్రి నిద్రకు ముందు త్రాగరాదు. 65 డిగ్రీల సెంటిగ్రేడు మించిన మిక్కిలి వేడి పానీయములు అన్నవాహికకు కాన్సరు కలిగింపవచ్చునని 2016లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ హెచ్చరించినది. పొగలు గ్రక్కు తేనీటిని కొంచెము చల్లార్చి త్రాగవలెను.

విద్యార్థులకు రక్తనాళముల కొఱకై తేనీరు త్రాగవలసిన యవసరము లేదు. వారికి ఉదయమున కావలసినది కడుపునిండ ఆహారము. పరుగు, ఆటలు, నడక లోపొరకు మిక్కిలి మేలుచేయును. పొగాకును జీవితకాలము తాకకుండుట అన్నిటికంటె పెద్ద మేలు. పెద్దలు చక్కెర లేని నల్ల తేనీటిని భోజనవేళకు దూరముగా దినమునకు రెండుమూడు కప్పులు సుఖముగా త్రాగవచ్చును. వైద్యుడిచ్చిన మాత్రను మాత్రము వేళకు వేసికొనుచునే యుండవలెను.

అభ్యాసము

1. లోపొరను గీకివేసిన ధమని యెందులకు సడలలేదు?

2. మీ యింట నొక వారములో తేనీటికొఱకు ఖర్చగు చక్కెరను తూచి, మనిషికి దినమునకు ఎన్ని గ్రాములగునో లెక్కకట్టుడు.

3. బోస్టను పరీక్షకును బ్రిటను లెక్కకును గల భేదమేమి? రెంటిలో కారణమును నిశ్చయించుటకు ఏది తగినది? ఎందువలన?