పాఠశాలకు వచ్చిన మైక్రో కంప్యూటర్

1984లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యా శాఖ కలిసి ‘క్లాస్’ పథకాన్ని ప్రారంభించాయి. పాఠశాల విద్యార్థులకు కంప్యూటర్ పరిచయం కలిగించడం దాని లక్ష్యం. తొలిదశలో దేశవ్యాప్తంగా సుమారు 250 పాఠశాలలకు బ్రిటన్‌లో రూపొందిన ‘బి.బి.సి. మైక్రో’ యంత్రాలు అందాయి.

ఆ యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. అయినా మీట నొక్కగానే ‘బేసిక్’ భాష సిద్ధంగా ఉండేది. ఆదేశాలను వరుస తప్పకుండా కూర్చితేనే సరియైన ఫలితం వచ్చేది. ఆ విధంగా అది తర్కబద్ధమైన ఆలోచనకు అభ్యాసమయింది.

గ్రంథాలయాలకు యునెస్కో 1985లో మైక్రో కంప్యూటర్ల కోసం వెలువరించిన ‘సి.డి.ఎస్./ఐసిస్’ ఉపకరించింది. మన దేశంలో దాని పంపిణీని ‘నిస్సాట్’ చేపట్టింది. పూర్వం రచయితకొక కార్డు, గ్రంథనామానికొక కార్డు, విషయానికొక కార్డు వ్రాయవలసి ఉండేది. ఇందులో ఒక్కసారి నమోదు చేస్తే మూడు విధాలా వెదకవచ్చు.

అయితే ‘బేసిక్’ ఆదేశపదాలు ఆంగ్లంలోనే ఉండేవి. మాతృభాషలో చదివే విద్యార్థి ముందు ఆ భాషను, తరువాత యంత్రాన్ని నేర్వవలసి వచ్చింది. 1991లో భారతీయ లిపులకు ‘ఇస్కీ’ సంకేత ప్రమాణం ఏర్పడింది. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు, తమిళ ‘క’కు అందులో సంకేతం ఒక్కటే. లిపులు వేరైనా పునాది ఒక్కటేనన్న సత్యాన్ని యంత్రం కూడా అంగీకరించింది.

యంత్రాన్ని పాఠశాలకు చేర్చడంతోనే పని ముగియదు. అది విద్యార్థి భాషను గ్రహించగలిగినప్పుడే అవకాశం అందరిదీ అవుతుంది.