నిలువ ధాన్యమునకు సుగంధ తైలముల రక్షణ

వేసవిలో ఏడాదికి సరిపడు కందులు, పెసలు, బియ్యము నిలువ చేసికొనుట మన ఇండ్లలో ఆచారము. శ్రావణము వచ్చుసరికి బియ్యములో ముక్కుపురుగు కనబడును, పెసలకు పుచ్చు పట్టును. అప్పుడు కొందరు గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంటి డ్రమ్ములలో వేయుచున్నారు. తేమ తగిలినంతనే వాటినుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మనుష్యులు నిద్రించు ఇంట ఆ బిళ్ల ఎన్నడును ఉండరాదు.

బదులుగా సుగంధ తైలములు వాడవచ్చునా? వాడవచ్చును. కాని వాటి పరిమితి నెరిగి వాడవలెను.

తైలములు రెండు విధములు. ఆముదము, వేపనూనె స్థిర తైలములు; కాగితముపై వాటి మరక నిలుచును. నీలగిరి, లవంగ తైలములు గాలిలో ఎగిరిపోవునవి. నీలగిరి తైలములోని సినియోల్, లవంగ తైలములోని యూజినాల్ ఆవిరియై పురుగులను దూరముగా ఉంచును. వాసన పోయిన నాడు రక్షణయు పోవును.

ముక్కుపురుగు బియ్యపుగింజకు రంధ్రము చేసి, లోపల గ్రుడ్డు పెట్టి మూసివేయును. పిల్ల గింజలోనే పెరుగును. మనము ఇంట వాడు కొద్దిపాటి ఆవిరి దానిని చంపునని నమ్మరాదు. పప్పుధాన్యపు పురుగు అట్లుగాక గ్రుడ్లను గింజపైననే అంటించును. పెద్దలు కందులకు ఆముదము పట్టించుటలోని మర్మమిదియే: నూనెపొర క్రింద గ్రుడ్డుకు గాలి అందదు.

ఆచరించు విధానము

1. కందులను, పెసలను బాగుగా ఎండబెట్టి, చల్లార్చి, కిలోకు ఒక చిన్న చెంచా (5 మి.లీ.) ఆముదము పట్టించి డబ్బాకెత్తవలెను.

2. బియ్యమును జల్లించి, నీడలో గాలికి ఆరబోసి, తేమలేని డబ్బాలో పోయవలెను. దూదిపై నాలుగైదు చుక్కల లవంగ తైలము వేసి, గుడ్డలో మూటగట్టి, బియ్యమునకు తగులకుండ మూతలోపల వ్రేలాడదీయవలెను. వాసన తగ్గగానే మరల వేయవలెను.

3. పిండి వాసనను త్వరగా పీల్చును. దానికి తైలము వలదు. కొద్దికొద్దిగా పట్టించుకొనుటయే మేలు.

జాగ్రత్తలు

సుగంధద్రవ్యములను రక్షణకు వాడుట మన శాస్త్రమునకు క్రొత్తగాదు. గుగ్గులు, అగరు, వస, తెల్ల ఆవాలు, వేపాకులతో వ్రణరక్షణకు ధూపము వేయుమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. అయినను వసచూర్ణమును తినెడు ధాన్యమునకు కలుపరాదు. అందలి అసరోన్ అను పదార్థము జంతువులపై జరిపిన పరీక్షలలో హానికరమని తేలినది. విత్తనములకు మాత్రమే దానిని వాడవలెను.

కర్పూరము, నీలగిరి తైలము పిల్లలకు అందనీయరాదు. కొద్దిగా మ్రింగినను మూర్ఛలు వచ్చును. పొరపాటున మ్రింగినచో వాంతి చేయింపక, తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఎండు మొదటిది, శుభ్రత రెండవది, సుగంధము మూడవది. ఈ వరుస తప్పినచో ఎంత మంచి తైలమైనను ధాన్యమును కాపాడజాలదు.